మార్చి డిపాజిట్లూ, నా పదమూడు కిలోలూ

(భిలాయ్, దుర్గ్ పరిసర శాఖల్లో పనిచేస్తున్న తెలుగు ఉద్యోగుల కుటుంబ సమావేశం ఆగస్టు 2025లో ఒక ఆదివారం సుపేలాలో జరిగింది. ఆ సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం.)



ఆహ్వాన పత్రంలో నా పేరు ఎదురుగా "త్వరగా బరువు తగ్గడం ఎలా?" అని అచ్చు వేశారు. నేను డాక్టర్ని కాను. పోషకాహార నిపుణుణ్ణీ కాను. చదివింది ఎంబీఏ, చేసేది బ్యాంకు ఉద్యోగం. మరి ఈ అంశం మీద మాట్లాడటానికి నాకున్న అర్హత ఏమిటయ్యా అంటే, నేను త్వరగా బరువు తగ్గాను. డెబ్బై రోజుల్లో పదమూడు కిలోలు. ఆ తర్వాత తొమ్మిది నెలల్లో పధ్నాలుగు కిలోలు పెరిగాను. అసలుకి వడ్డీ కలిపి శరీరం తిరిగి వసూలు చేసుకుంది.

మనందరం మార్చి 31 చూసినవాళ్లమే. ఆ సాయంత్రం డిపాజిట్ల అంకె ఎలా మెరిసిపోతుందో తెలుసు. ఏప్రిల్ మొదటి వారంలో ఆ డబ్బు ఎటు పోతుందో కూడా తెలుసు. పత్రికలో వేసేటప్పుడు ఈ వాక్యాన్ని సంపాదకులు ఉంచుతారో తీసేస్తారో వారి ఇష్టం. నా పదమూడు కిలోలు అచ్చంగా మార్చి డిపాజిట్లు. అంతవరకైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ ఈ వ్యవహారంలో నాతోపాటు ఇంకొకరు దెబ్బతిన్నారు. వారు ఈ హాల్లోనే ముందు వరసలో కూర్చున్నారు. "నా సంగతి కూడా చెప్పండి సార్, పేరు మాత్రం వద్దు" అన్నారు. వారి మాట మీదే చెబుతున్నాను.

నేను 2022 జూన్‌లో సుపేలా శాఖకు బదిలీ అయి వచ్చాను. వేరే రాష్ట్రాల్లో పత్రిక చదివే మిత్రుల కోసం చెప్పాలి. సుపేలా అంటే భిలాయ్ ఉక్కు నగరం సెక్టార్లను ఆనుకుని జీఈ రోడ్డు మీదున్న బజారు ప్రాంతం. సెక్టార్లలో చెట్లు, ప్రశాంతత. సుపేలాలో దుకాణాలు, ఆకాశగంగ కూరగాయల మార్కెట్టు, ఆదివారం సంత. మా బ్రాంచి నుంచి రోడ్డు మీదికి అడుగు పెడితే ఎడమ పక్క సమోసా, కుడి పక్క పోహా జిలేబీ. ఎటు తిరిగినా మోక్షమే. పొద్దున పదింటికి కుర్చీలో కూలబడితే సాయంత్రం ఏడింటి దాకా లేవడం లేదు. రిటైరైన ప్రతి పెద్దమనిషీ గ్రాట్యుటీ పడగానే మిఠాయి డబ్బా పట్టుకొస్తారు. వద్దంటే బాధపడతారు. నేనెప్పుడూ ఎవర్నీ బాధపెట్టలేదు.

ఆ నవంబరులో ఆరోగ్య పరీక్షలు చేయించుకుంటే రిపోర్టు వచ్చింది. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 94 కిలోలు. మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ 6.3. మధుమేహం గీత 6.5 దగ్గర ఉంటుంది. అంటే స్పెషల్ మెన్షన్ అకౌంట్ అన్నమాట, ఇంకా ఎన్‌పీఏ కాలేదు. మా నాన్నగారు 54 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. అప్పటికి నాకు 43. లెక్కలు వచ్చినవాడికి ఇక వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

భయపడిన మనిషి రెండు పనులు చేస్తాడు. ఒకటి డాక్టరు దగ్గరికి వెళ్లడం, రెండోది యూట్యూబ్ దగ్గరికి వెళ్లడం. నేను రెండోది చేశాను.

మన తెలుగువాళ్లకు ఈ విషయంలో గురువుల కొరత లేదు. మంతెన సత్యనారాయణ రాజు గారు చెప్పారని ఉప్పూ నూనే మానేసిన ఇళ్లు మా బంధువుల్లోనే ఉన్నాయి. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి ఊళ్లను ఊపేసింది. అన్నం మానేసి, కొబ్బరినూనె తాగి, రోజుకు మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు. అప్పుడు విజయవాడ వైపు ఏ పెళ్లికి వెళ్లినా భోజనాల దగ్గర ఆ చర్చే. ఆ వెనకే ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు. కొర్రలు, అండుకొర్రలు, అరికెలు, సామలు, ఊదలు అన్న పేర్లు మా అమ్మాయికి వారి వల్లే వచ్చాయి. ఒకరు నూనె వద్దంటారు, ఒకరు నూనే తాగమంటారు, ఒకరు బియ్యం మార్చమంటారు. వారి వారి మాట ప్రకారం నడిచి బాగుపడ్డామనేవాళ్లు నాకు తెలుసు. వారిలో ఎవరినీ నేను తప్పుపట్టడం లేదు. ఎందుకంటే నేను ఎవరి పద్ధతీ సరిగ్గా పాటించలేదు. ఇక్కడో ముక్క, అక్కడో ముక్క ఏరి, నా సొంత చార్టు ఎక్సెల్‌లో తయారుచేసుకున్నాను. తప్పు చార్టుది. చార్టు నాది.

ఫిబ్రవరి రెండో వారంలో పలాసలో మా మేనకోడలి పెళ్లి. డిసెంబరు ఒకటి నుంచి లెక్కేస్తే డెబ్బై రోజులు. ఎంబీఏలో నేర్చుకున్న రివర్స్ ప్లానింగ్ మొదలుపెట్టాను. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. పదమూడు కిలోలంటే లక్ష కేలరీలు. డెబ్బైతో భాగిస్తే రోజుకు 1,430. అంటే రోజూ 1,430 కేలరీల లోటు బడ్జెట్ నడపాలి. నా మనిషికి రోజుకు 2,300 దాకా ఖర్చవుతుందనుకుంటే, తినడానికి మిగిలేది 900 లోపు. కాగితం మీద ఎంత అందంగా ఉందో చూడండి. జోనల్ ఆఫీసుకు పంపితే వెంటనే ఆమోదించేవారు.

అన్నం బందు, రొట్టె బందు. పొద్దున రెండు కోడిగుడ్లు, మధ్యాహ్నం కీరా ముక్కలు, మజ్జిగ, రాత్రి కూరగాయల సూపు. తెల్లవారుజామున చీకట్లో జీఈ రోడ్డు పక్కన ఐదు కిలోమీటర్ల పరుగు. సాయంత్రం ఇంటి మేడ మీద తాడాట. తొంభై నాలుగు కిలోల మనిషి తాడాట ఆడితే కింద అద్దెకున్నవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. మూడో రోజు వాళ్లు పైకి వచ్చి, సున్నం రాలుతోందని చాలా మర్యాదగా చెప్పారు. అప్పట్నుంచి మేడ మీద మానేసి వీధిలో ఆడాను.

మొదటి వారంలో మూడు కిలోలు తగ్గాను. ఆ ఆనందం చెప్పలేను. రోజుకు నాలుగుసార్లు బరువు చూసుకునేవాణ్ణి. ఆ మూడు కిలోల్లో కొవ్వు ఎంతన్నది తర్వాత తెలుసుకున్నాను. మన కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండి నిల్వ నాలుగైదు వందల గ్రాములు ఉంటుంది. ఒక్కో గ్రాము తనతోపాటు మూడు గ్రాముల నీళ్లు పట్టుకుని ఉంటుంది. అన్నం మానేస్తే ముందు ఆ నిల్వ పోతుంది, దానితో నీళ్లూ పోతాయి. ఒకటిన్నర, రెండు కిలోలు అక్కడే తేలిపోతాయి. మళ్లీ రెండు రోజులు అన్నం తింటే అవి తిరిగొస్తాయి. కరెంటు అకౌంటులో ఒక పార్టీ డబ్బు వచ్చి పోయినట్టే. నేను దాన్ని నికర వృద్ధి కింద రాసుకున్నాను.

జనవరి చివరికి ఎనభై మూడుకి దిగాను. ఇంట్లో నా కోపం పెరిగింది. మా ఆవిడ ఒకరోజు కంచం ముందు కూర్చుని, "ఏవండీ, మీరు తినట్లేదు, సరే. మమ్మల్నైనా తిననిస్తారా?" అంది. నేను వాళ్ల కంచాల వైపు చూసే చూపు అలా ఉండేదట. రాత్రి నిద్రపట్టక ఫోనులో బిర్యానీ వండే వీడియోలు చూసేవాణ్ణి. ఇది నా ఒక్కడి పిచ్చి అనుకున్నాను. తర్వాత చదివాను, 1944, 45 సంవత్సరాల్లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు సగం కడుపుకే తిండి పెట్టి పరిశీలించాడు. వాళ్లు తమ బరువులో పావు వంతు కోల్పోయారు. చలి వేసేది, చిరాకు వచ్చేది, ఏ పని మీదా మనసు నిలిచేది కాదు. వాళ్లలో కొందరు వంటల పుస్తకాలు ముందేసుకుని చదువుతూ కూర్చునేవారట. ఎనభై ఏళ్ల క్రితం ఆ కుర్రాళ్లకు వంటల పుస్తకం, నాకు వంటల వీడియో.

పలాస పెళ్లిలో నాకు జరిగిన మర్యాద పెళ్లికొడుక్కి కూడా జరగలేదు. అందరూ చుట్టూ చేరి "బావగారూ, ఎలా తగ్గారు?" అనేవారే. పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి బ్రాంచి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కింద నా చార్టు కూడా జతచేశాను. ఆ ఒక్క మెసేజ్ నేను ఈ రోజుకీ మర్చిపోలేను.

పెళ్లి నుంచి తిరిగొచ్చిన వారంలోనే ఒక సంగతి జరిగింది. పొద్దున స్ట్రాంగ్ రూము తెరవాలి. మీకు తెలిసిందే, జాయింట్ కస్టడీ, ఒక తాళం నా దగ్గర, ఇంకొకటి హెడ్ క్యాషియర్ గారి దగ్గర. వంగి కింది అర తెరిచి లేచాను. కళ్లు చీకట్లు కమ్మాయి. చేతిలో తాళం జారింది. తెలివి వచ్చేసరికి వారి భుజం మీద ఉన్నాను. అరనిమిషం కూడా పట్టి ఉండదు. నేను అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? "ఎవరికీ చెప్పకండి." వారు చెప్పలేదు. అంత నమ్మకస్తులు.

అదే వారంలో ఒక పెద్దాయన పెన్షన్ పని మీద వచ్చారు. టెక్కలి వైపు నుంచి కుర్రతనంలో వచ్చి భిలాయ్ ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్లలో పనిచేసి రిటైరైనవారు. ఎనభై దగ్గర పడినా ఇప్పటికీ సైకిలు మీదే వస్తారు. నన్ను చూసి, "ఏటి బాబూ, ఇలా చిక్కిపోనావు? ఒంట్లో బాగుంటలేదేటి?" అన్నారు. నేను గర్వంగా డెబ్బై రోజులు, పదమూడు కిలోలు అని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "మా బేటరీ కొత్తగా వేడెక్కించాలంటే రెండు మూడు నెలలు పడతాది బాబూ. రోజుకి ఇన్ని డిగ్రీలని లెక్క. తొందరపడితే లోపల ఇటికలు పగిలిపోతాయి. ఒకసారి వేడెక్కినాక మరి సల్లారనివ్వరు, ఏళ్లకేళ్లు అలాగే ఉంచాల. సల్లారినా ఇటికలు పోతాయి" అన్నారు. నాకు వినే ఓపిక లేదు. పాస్‌బుక్ ప్రింటు చేసి ఇచ్చి పంపించేశాను. కోక్ ఓవెన్లలో వాడే సిలికా ఇటుకలకు నిజంగానే ఆ గుణం ఉందని తర్వాత ఇంకో ఇంజనీరు కస్టమర్ చెప్పారు.

ఇక మార్చి. ఆఖరి వారం, మంగళవారం, పన్నెండున్నర. క్యాష్ కౌంటర్ ముందు గుమ్మం దాకా లైను. ఉన్నట్టుండి అరుపులు వినిపించాయి. వెళ్లి చూస్తే మా హెడ్ క్యాషియర్ గారు ఒక కస్టమరు మీద గట్టిగా అరుస్తున్నారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎవరి మీదా గొంతు పెంచని మనిషి. చొక్కా చెమటతో తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి, అదే కట్టను మళ్లీ మళ్లీ లెక్కపెడుతున్నారు. లైనులో ఎవరో "పీకే ఆయా హై" అన్నారు, తాగి వచ్చాడని. ఆ మాట నాకూ ఒక్క క్షణం నిజమేమో అనిపించింది. ఇవాళ వారి ముందే ఒప్పుకుంటున్నాను.

మమ్మల్ని కాపాడింది పక్క కౌంటర్‌లోని అమ్మాయి. వాళ్ల అమ్మగారికి షుగర్. చూడగానే "సార్, ఇది షుగర్ పడిపోవడం" అని లేచి, టీ అబ్బాయి ట్రేలోంచి చక్కెర డబ్బా లాక్కుని నీళ్లలో మూడు చెంచాలు కలిపి తాగించింది. ఎదురుగా ఉన్న మందుల షాపు నుంచి గ్లూకోమీటర్ తెచ్చి చూస్తే 48. ఆ చక్కెర నీళ్లు లోపలికి వెళ్లాక చూసిన అంకె అది. పావుగంట ఆగి మళ్లీ ఇచ్చాం. మాట తేరుకుంది.

ఏం జరిగిందంటే, వారికి ఎనిమిదేళ్లుగా మధుమేహం. మెట్‌ఫార్మిన్‌తోపాటు గ్లిమెపిరైడ్ అనే మాత్ర వేసుకుంటారు. ఈ గ్లిమెపిరైడ్ జాతి మాత్రలు మనం తిన్నా తినకపోయినా ప్యాంక్రియాస్ చేత ఇన్సులిన్ వదిలిస్తాయి. తిండి ఉంటే ఆ ఇన్సులిన్‌కు పని ఉంటుంది. లేకపోతే రక్తంలో ఉన్న కాస్త చక్కెరనూ ఊడ్చేస్తుంది. మెదడుకు చక్కెర అందకపోతే కోపం, తడబాటు, వణుకు, చెమట. చూసేవాళ్లకు అచ్చం తాగినట్టే. ఆలస్యమైతే ఫిట్స్, స్పృహ తప్పడం, ప్రాణాపాయం. వారు పన్నెండు రోజులుగా అన్నం, రొట్టె మానేసి, గుడ్లూ కీరా ముక్కలూ తింటున్నారు. మాత్రలు మాత్రం పాత మోతాదులోనే వేసుకుంటున్నారు. ఆ చార్టు ఎవరిది? గ్రూపులో నేను పెట్టింది.

సాయంత్రం డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. "తిండి తీసేసి మాత్ర ఉంచమని ఎవరు చెప్పారండీ?" అని డాక్టరు అడిగారు. వారు నా వైపు చూడలేదు. "ఎవరో చెప్పార్లెండి" అన్నారు. రెండోసారి నా రహస్యం దాచారు.

ఆ రోజు క్యాష్ 4,500 తక్కువ వచ్చింది. ఇరవై రెండేళ్లలో మొదటి షార్టేజ్. నేను కడతానన్నాను. "కౌంటరు నాది సార్" అని వారే కట్టారు. నేను మళ్లీ బలవంతపెడితే ఇంకా అవమానం అనిపించి ఊరుకున్నాను. నా బాకీ ఏ రిజిస్టరులోనూ లేదు గానీ, ఉంది.

కాబట్టి ఇందాక చెప్పిన లక్షణాలు ఇంకోసారి గుర్తుపెట్టుకోండి. మీ బ్రాంచిలో షుగర్ మాత్రలు వాడేవాళ్లు తప్పకుండా ఉంటారు. చెమట, వణుకు, అకారణ కోపం, లెక్క తప్పడం కనిపిస్తే ముందు మూడు చెంచాల చక్కెర గానీ గ్లూకోజు గానీ నీళ్లలో ఇవ్వండి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి. మా బ్రాంచిలో ఇప్పుడు ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో గ్లూకోజు ప్యాకెట్టు, గ్లూకోమీటరు ఉంటాయి. క్వార్టర్‌కోసారి స్ట్రిప్పుల గడువు తేదీ చూసే బాధ్యత నాది.

ఇక్కడ మీలో ఒకరు అడగవచ్చు. మరి త్వరగా తగ్గడం అనేదే తప్పా? కాదనే చెప్పాలి. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధన జరిగింది, ఫలితాలు 2017 డిసెంబరులో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మధుమేహం ఉన్నవాళ్లకు మూడు నుంచి ఐదు నెలలపాటు రోజుకు 850 కేలరీల దగ్గర మాత్రమే ఇచ్చారు. అంటే నా చార్టు కన్నా కఠినం. ఏడాది తిరిగేసరికి వారిలో 46 శాతం మందికి మందులు లేకుండానే చక్కెర అదుపులోకి వచ్చింది. నేను ఇది చదివినప్పుడు మొదట కాస్త గర్వపడ్డాను, చూశారా నేను చేసిందీ అదే అని. ఆ తర్వాతి పేరా చదివాక నోరు మూసుకున్నాను. వాళ్లు మొదటి రోజే షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు ఆపించారు. నర్సులు, డైటీషియన్లు వెంట ఉండి చూసుకున్నారు. లోటు భర్తీ అయ్యేలా విటమిన్లు, ఖనిజాలు అన్నీ లెక్కగట్టిన ఆహారం ఇచ్చారు. తర్వాత మామూలు తిండిని వారాల తరబడి కొద్దికొద్దిగా తిరిగి ప్రవేశపెట్టారు. ఆపైన నెలనెలా ఫాలో అప్. లోను మంజూరు ఒక్క రోజు పని, ఫాలో అప్ ఏళ్ల పని. నా దగ్గర మంజూరు ఒక్కటే ఉంది.

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ అయితే ఇంకా నెమ్మదిగా వెళ్లమంటుంది. వారానికి అర కిలో చాలు, రోజుకు వెయ్యి కేలరీలకు తగ్గకూడదు అంటుంది. హబ్సిగూడ దాటి తార్నాక వైపు వెళ్లేటప్పుడు ఆ సంస్థ బోర్డు వందసార్లు చూసి ఉంటాను. వాళ్లు ఉచితంగా పెట్టిన మార్గదర్శకాలు చదవడానికి నాకు ఒక షార్టేజ్ అవసరమైంది.

తర్వాతి కథ మీరు ఊహించిందే. మార్చి ఇయర్ ఎండింగ్‌లో రాత్రి పదకొండింటి దాకా బ్రాంచిలోనే. తెప్పించిన బిర్యానీ పొట్లం విప్పాను. ఏప్రిల్‌లో నాలుగు కిలోలు. ఆ ఏడాది దీపావళికి 95. అదే మనిషి మొదట్లో 94 కదా, ఒక్క కిలోనే తేడా అనుకోకండి. తగ్గేటప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా పోయింది. తిరిగొచ్చింది ఎక్కువగా కొవ్వే. పాత ప్యాంటులే, కానీ నడుం దగ్గర పట్టలేదు.

అమెరికాలో 'ది బిగ్గెస్ట్ లూజర్' అని బరువు తగ్గే పోటీ టీవీలో వచ్చేది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించిన ఫలితాలు 2016లో వచ్చాయి. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవాళ్లు, ఆరేళ్లలో 41 కిలోలు తిరిగి పెరిగారు. అంతకన్నా ఆశ్చర్యం, విశ్రాంతిలో వాళ్ల శరీరం ఖర్చుపెట్టే శక్తి, వాళ్ల సైజు మనిషికి ఉండాల్సిన దానికన్నా రోజుకు 500 కేలరీలు తక్కువగా ఉంది. కరవు చూసిన రైతు లాగా శరీరం ఖర్చు బిగబట్టేసింది. నేను వాళ్లంత తగ్గలేదు కాబట్టి నాది అంత కాదులెండి. కానీ తక్కువ తింటున్నా పెరుగుతున్నాననే నా ఫిర్యాదులో కొంత నిజం ఉందని తెలిశాక నా మీద నాకు కోపం తగ్గింది.

2024 జనవరిలో మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి డాక్టరు దగ్గరికి ముందు వెళ్లాను. పెళ్లి లేదు, తేదీ లేదు. మొదటి నెలంతా ఏమీ మానలేదు, తిన్నది రాసుకున్నాను, అంతే. డే బుక్ రాయడం మనకు చేతనైన పనే కదా. రాస్తే తెలిసింది, మధ్యాహ్నం అన్నం కన్నా నాలుగింటి సమోసా, ఆరింటి మిఠాయి, మూడుసార్ల టీ కలిపి ఎక్కువ అవుతున్నాయి. ఒక సమోసా రెండు వందల యాభై కేలరీల దాకా ఉంటుంది. పొద్దున నేను చెమటలు కక్కుతూ నడిచిన నాలుగు కిలోమీటర్లు ఆ ఒక్క సమోసాకు చెల్లు. వ్యాయామంతో బరువు తగ్గుతాననుకోవడంలో ఉన్న చిక్కు అదే. నడక గుండెకు, చక్కెరకు, నిద్రకు, తగ్గిన బరువు నిలబడటానికి చాలా మంచిది. తిన్నదంతా అరగదీయడానికి మాత్రం చాలదు.

అన్నం మానలేదు. వంద గ్రాముల బియ్యంలో 350 కేలరీలు. మా ఇంట్లో ఒక పూటకు నా వాటా నూట యాభై గ్రాములని తేలింది. దాన్ని డెబ్బై ఐదు చేసి, ఆ ఖాళీలో పప్పు, కూర పెంచాం. పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో మనం తినే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించకూడదన్నారు. మనవాళ్ల కంచంలో అది డెబ్బై దాకా వెళ్తుంది. పొద్దున ఇక్కడివాళ్ల చీలా నేర్చుకుంది మా ఆవిడ, శనగపిండితో. వారానికి మూడు రోజులు గుడ్లు. మాంసకృత్తులు కిలో బరువుకు 0.83 గ్రాములు కనీసం ఉండాలంటారు, ఆ లెక్క చూసుకున్నాం. పరుగు మానేశాను, మోకాళ్లు క్షమించాయి. సాయంత్రం బ్రాంచి నుంచి వచ్చాక మా ఆవిడా నేనూ జయంతి స్టేడియం వైపు నలభై నిమిషాలు నడుస్తాం. వారానికి రెండు రోజులు ఇంట్లోనే డంబెల్స్. పోయిన కండ తిరిగి తెచ్చుకోవడానికి అదొక్కటే దారి అన్నారు డాక్టరు.

ఒక్క విషయంలో ఇప్పటికీ ఓడిపోతున్నాను. మిఠాయి డబ్బా. ఒకటి తీసుకుని మిగతాది స్టాఫ్ రూములో పెట్టిస్తున్నాను. స్టాఫ్ రూములోకి నాకు పని లేకుండా చూసుకోవాలి, అది కుదరడం లేదు.

ఐదు నెలల్లో ఐదు కిలోలు తగ్గాను. తర్వాత తొంభై దగ్గర మూడు నెలలు అంకె కదల్లేదు. పాత నేనైతే అక్కడ మళ్లీ చార్టు తీసేవాణ్ణి. ఆ మూడు నెలల్లో బరువు తగ్గకపోయినా నడుము కొలత రెండు సెంటీమీటర్లు తగ్గింది. మన దేశపు మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదంటారు. నాది ఇంకా 94. బరువు కాటా లేనివాళ్లు టేపు పెట్టుకోండి, అది అబద్ధం చెప్పదు.

కొందరు మిత్రులు ముందే చీటీలు పంపారు. ఇంజక్షన్ల గురించి ఒకరు అడిగారు. ఈ ఏడాది మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలోకి వచ్చాయి. పనిచేసే మందులే, కానీ డాక్టరు రాయాల్సిన మందులు. వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్ ఆపేసినవాళ్లను పరిశీలిస్తే, ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. తీసుకునే ముందు ఎన్నాళ్లు తీసుకోవాలో కూడా అడగండి. ఇంకొకరు బోరే బాసీ తినొచ్చా అని అడిగారు. మన చద్దన్నానికి ఛత్తీస్‌గఢ్ అన్నయ్య అది. 2022 నుంచి మే ఒకటో తేదీన బోరే బాసీ దినం అని ఇక్కడ సందడి చేశారు. హాయిగా తినండి. నీళ్లు పోసినంత మాత్రాన బియ్యం తగ్గదు, కంచంలో ఎంత వేసుకున్నామన్నదే లెక్క.

మూడో చీటీ ముందు వరస నుంచే వచ్చింది. "సార్, ఇప్పుడు నేను ఏం తింటున్నానో కూడా చెప్పండి" అని. డాక్టరు వారి మాత్ర మార్చారు. రెండు పూటలా అన్నం తింటున్నారు, కొలతగా. నాకన్నా వారిదే మంచి రికార్డు. పదహారు నెలల్లో ఏడు కిలోలు తగ్గి, అక్కడే నిలబడ్డారు. ఫొటో మాత్రం గ్రూపులో పెట్టలేదు.

మా రికార్డు రూములో ఒక కాటా, దాని పక్కన పాత క్యాష్ రిజిస్టరు ఒకటి పెట్టాం. సోమవారం పొద్దున స్ట్రాంగ్ రూము తెరిచాక మేమిద్దరం బరువు చూసుకుని, ఒకరిది ఒకరు రాసి, పొట్టి సంతకం పెట్టుకుంటాం. దానికీ జాయింట్ కస్టడీయే. గత సోమవారం నాది 84.2. అంతకు ముందు వారం 83.9. పెరిగిన ఆ మూడు వందల గ్రాముల ఎదురుగా రిమార్క్స్ గడిలో వారు ఎర్ర ఇంకుతో "కాజూ కత్లీ" అని రాశారు.